గంట ఎంతకి అమ్మారు?

ఒకే సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదేళ్ళు పనిచేసినవాడు వెనక్కి తిరిగి చూసుకుని ఏదైనా రాస్తే, దానికి మన దగ్గర రెండే మూసలున్నాయి. మొదటిది కృతజ్ఞతల మూస. ఏమీ తెలియని కుర్రాడిగా వచ్చాను, నన్ను నమ్మిన మేనేజర్లకి, కుటుంబం లాంటి టీముకి రుణపడి ఉంటాను, ప్రయాణం కొనసాగుతుంది. రెండోది శోకాల మూస. నేను చేరినప్పుడు కంపెనీ ఇలా ఉండేది కాదు, అందరం ఒకింటి మనుషుల్లా ఉండేవాళ్ళం, తర్వాత ఎక్సెల్ షీట్ల మనుషులొచ్చారు, ఆత్మ పోయింది. మొదటిది ఉద్యోగంలో ఉండగా రాస్తారు, రెండోది మానేశాక రాస్తారు. తేడా అంతే.

రెండిటికీ పునాది ఒకటే నమ్మకం. కంపెనీకి ఒక మనసుంటుందని, అది మంచిదో చెడ్డదో అవుతూ ఉంటుందని. ఈ నమ్మకం మీదే నా తగాదా. నేను హైదరాబాదులోని ఒక ఐటీ సేవల కంపెనీలో 2014లో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఆ పేరు తీసి ఇంకో పేరు పెట్టినా ఈ వ్యాసంలో ఒక్క వాక్యం మార్చక్కర్లేదు. అదే నా మొదటి వాదన కూడా.

కంపెనీ మారలేదని అనను. చాలా మారింది. గోడ మీద లోగో మారింది, మెడలో ట్యాగు రంగు మారింది, పైవాళ్ళు మారారు. వాటర్‌ఫాల్ పోయి ఎజైల్ వచ్చింది, రోజూ పొద్దున్నే పావుగంట నిలబడి నిన్నేం చేశామో చెప్పుకోవడం అలవాటైంది. సర్వర్లు క్లౌడ్‌లోకి వెళ్ళాయి. ఏటా వందమందిలో ఇంతమందికి తప్పనిసరిగా తక్కువ రేటింగు ఇవ్వాలనే బెల్ కర్వ్‌ని తీసేశామన్నారు, మరుసటేడు అదే లెక్క ఇంకో పేరుతో వచ్చింది. 2020 మార్చిలో ఆఫీసు మా ఇళ్ళకొచ్చింది, రెండేళ్ళు తిరిగేసరికి మమ్మల్ని ఆఫీసుకి రమ్మంది. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ప్రతి మీటింగులోనూ ఏఐ ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఇన్ని మారినా మారనిది ఒకటుంది. నా గంటని కంపెనీ ఒక ధరకి కొంటుంది, ఇంకో ధరకి అమ్ముతుంది. మొదటి ధర నా పే స్లిప్పులో ఉంటుంది కాబట్టి నాకు తెలుసు. రెండోది 2014లో నాకు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పరు. పదేళ్ళ మార్పు గురించి ఎవరేం రాసినా ఈ రెండో ధర దగ్గర మొదలుపెట్టకపోతే, గోడకేసిన సున్నం గురించి రాసినట్టే.

*

బయటివాళ్ళ కోసం ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి. అమెరికాలోనో యూరప్‌లోనో ఒక బ్యాంకుకో బీమా కంపెనీకో పని చేసిపెట్టడానికి ఒప్పందం కుదురుతుంది. ఒప్పందాలు చాలా రకాలున్నా, అన్నిటికీ అడుగున ఒక పట్టిక ఉంటుంది. ఏ హోదా మనిషి, అక్కడ కూర్చుని చేస్తే గంటకెన్ని డాలర్లు, ఇక్కడ కూర్చుని చేస్తే ఎన్ని అని. దీన్ని రేట్ కార్డ్ అంటారు. మేం వారం వారం టైమ్‌షీట్ నింపుతాం. ఆ గంటలు ఆ రేటుతో హెచ్చవేసి బిల్లు వెళ్తుంది. మొత్తం మనుషుల్లో ఎంతమంది గంటలు ఇలా బిల్లుకెక్కుతున్నాయన్నది యుటిలైజేషన్. అది ఒక శాతం పడితే పైన వణుకు పుడుతుంది.

రెండో కిటుకు పిరమిడ్. అడుగున కాలేజీ నుంచి అప్పుడే వచ్చినవాళ్ళు ఎక్కువమంది, పైకి పోయేకొద్దీ అనుభవమున్నవాళ్ళు తక్కువమంది. అడుగు ఎంత వెడల్పుగా ఉంటే లాభం అంత. అందుకే పెద్ద సేవల కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజనీరుకి ఏడాదికి మూడు, మూడున్నర లక్షలన్న అంకె దశాబ్దం దాటినా పెద్దగా కదల్లేదు. ఈలోగా అద్దెలు పెరిగాయి, ఇంజనీరింగు ఫీజులు పెరిగాయి, కంపెనీల ఆదాయాలు పెరిగాయి. ఆ ఒక్క అంకె మాత్రం పాతిన రాయిలా ఉంది. పదేళ్ళు నిండినవాడు పిరమిడ్‌లో నడుమ బరువవుతాడు. అతని అనుభవం గౌరవమే గానీ, అతని జీతంలో ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళొస్తారన్న లెక్క ఆ గౌరవం పక్కనే రాసి ఉంటుంది.

మూడోది బెంచి. గుంటూరు మిర్చి యార్డు తెలిసినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ధర లేనప్పుడు టిక్కీలు కోల్డ్ స్టోరేజిలో పెట్టి, రేటు వచ్చినప్పుడు తీస్తారు. మమ్మల్నీ అంతే, ప్రాజెక్టు లేనప్పుడు బెంచి మీద పెడతారు. కాకపోతే కాయ చెడకుండా ఉండాలంటే చలి చాలు. మనిషి చెడకుండా ఉండాలంటే పని కావాలి, బెంచి మీద దొరకనిది అదే. కొన్నాళ్ళు చూసి, నీ సరుకుకి గిరాకీ లేదంటారు.

ఇది తప్పుడు వ్యాపారమని అనడం లేదు. వ్యాపారమని మాత్రమే అంటున్నాను. దాన్ని కుటుంబమని, ప్రయాణమని, కల అని పిలవడం మీదే అభ్యంతరం.

*

కంపెనీ మారడమంటే ఏమిటో తేల్చుకోవడానికి తెలుగువాళ్ళకి సత్యాన్ని మించిన ఉదాహరణ లేదు. 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్, 2008 నాటికి తమ దగ్గర 50 వేలమందికి పైగా పనిచేస్తున్నారని చెప్పుకునేది. ఆ ఏడాది సెప్టెంబరులోనే కార్పొరేట్ పాలన బాగుందని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా తీసుకుంది. డిసెంబరు 16న రామలింగరాజు కుటుంబానికే చెందిన మేటాస్ కంపెనీలని కొంటామని ప్రకటించి, వాటాదారులు గోల చేయడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. 2009 జనవరి 7న రాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవు.

ఈ కథని మనం ఎప్పుడూ రాజు కథగానే చెప్పుకున్నాం. పల్లెటూరి నుంచి వచ్చి ప్రపంచాన్ని జయించినవాడి పతనం, సింహాసనం, శాపం. సినిమాకి పనికొచ్చే సరుకు. నాకు ఇంకో సంగతి ముఖ్యం. ఆ ఉత్తరం తర్వాతి రోజుల్లో ఏం జరిగింది? ఛైర్మన్ లేడు, బోర్డుని ప్రభుత్వం తీసేసి కొత్తవాళ్ళని కూర్చోబెట్టింది, పద్దులు నమ్మడానికి లేదు, బ్యాంకులో చెప్పినంత డబ్బు లేదు, ఆ పేరు చెబితే నవ్వే రోజులొచ్చాయి. కంపెనీ అనిపించుకునేవన్నీ పోయాయి. అయినా వేలమంది ఆఫీసుకెళ్ళారు, లాగిన్ అయ్యారు, అవతలి దేశాల క్లయింట్ల పని చేసిపెట్టారు. వచ్చే నెల జీతం వస్తుందో లేదో తెలియకుండానే చేశారు.

2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయల చొప్పున ఇచ్చి ఆ కంపెనీని పాటలో గెలుచుకుంది. ఎల్ అండ్ టీ కూడా పోటీ పడింది. పద్దులన్నీ అబద్ధమని కంపెనీ అధిపతే రాసిచ్చాక, దాన్ని కొనడానికి పోటీ ఎందుకు? ఆ అబద్ధాల గుట్టలో ఒక్కటే నిజం మిగిలింది కాబట్టి. టైమ్‌షీట్లు. ఆ మనుషులు నిన్న పనిచేశారు, రేపూ చేస్తారు, వాళ్ళ గంటలకి అవతల బిల్లు కట్టేవాళ్ళున్నారు. కొన్నది ఆ రేపటి గంటలనే.

తర్వాత? పేరు మహీంద్రా సత్యం అయింది. అదే 2009లో, మిగులుగా తేలినవాళ్ళని ‘వర్చువల్ పూల్’ అనే ఏర్పాటులో పెట్టి, బేసిక్ జీతం లాంటి కొద్ది భాగంతో నెలల తరబడి ఇంట్లో ఉండమన్నారు. 2013లో విలీనం పూర్తయి ఆ పేరు కూడా పోయింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక కోర్టు రాజుకీ మరికొందరికీ ఏడేళ్ళ శిక్ష వేసింది. మోసం చేసినవాళ్ళ పేర్లు చరిత్రకెక్కాయి, కొన్నవాళ్ళ పేర్లు వ్యాపార పాఠాలకెక్కాయి. కంపెనీ మునిగిపోకుండా పట్టుకున్నవాళ్ళకి దక్కిన పేరు ‘మిగులు’.

కంపెనీకి ఆత్మ ఉందనేవాళ్ళు ఈ ఒక్క కథకి సమాధానం చెప్పాలి. నాలుగేళ్ళలో యజమాని, బోర్డు, పద్దు, పేరు అన్నీ మారిన చోట ఆ ఆత్మ ఎక్కడుంది? మారకుండా ఉన్నది పనిచేసే చేతులొక్కటే. ఆ చేతులకి ముందు కంపెనీలోనూ తమ గంట ఎంతకి అమ్ముడైందో తెలియదు, తర్వాతి కంపెనీలోనూ తెలియదు.

*

మాది వాడరేవు. చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు, సముద్రం ఒడ్డు. లాక్‌డౌన్‌లో రెండేళ్ళు అక్కడి నుంచే పనిచేశాను. జాండ్రపేటలో మగ్గం నేసే బంధువొకాయన, నేను బాబాయ్ అనే పిలుస్తాను, ఇంటికొచ్చినప్పుడల్లా నా ల్యాప్‌టాప్‌ వంక అనుమానంగా చూసేవాడు. ఒకరోజు అడిగాడు.

“ఏరా అబ్బాయ్, రోజుకెన్ని గంటలు నేస్తన్నావ్?”

“తొమ్మిదీ పదీ, బాబాయ్.”

“గంటకెంత ఇస్తన్నాడు?”

“మాది గంట లెక్క కాదు బాబాయ్, నెల జీతం.”

“ఆ దొరల దగ్గర వాడు తీసుకునేది గంట లెక్కేనన్నావ్ గదా మొన్న?”

“అవును.”

“ఎంతకి అమ్ముతున్నాడో మీకు చెప్పడా?”

“చెప్పరు.”

ఆయన కాసేపు ఆలోచించి అన్నాడు. “మా షావుకారూ చెప్పడులే. కాకపోతే మేం నేసిన చీర షాపులో అద్దాల వెనక కనపడుద్ది. రేటు చీటీ దాని మీదే ఉంటది. మీకు అదీ లేదన్నమాట.”

ఈ వ్యాపారం గురించి నేను విన్న వ్యాఖ్యల్లో దీన్ని మించినది లేదు. చీరాల చుట్టుపక్కల నేతలో మాస్టర్ వీవర్ పద్ధతి తెలిసినవాళ్ళకి ఇందులో కొత్త ఏమీ కనపడదు. మాస్టర్ వీవర్ నూలు, పట్టు, జరీ, డిజైను ఇస్తాడు. నేతగాడు ఇంట్లో కూర్చుని, ఇంటిల్లిపాదీ చేయివేసి, నేసి అప్పగిస్తాడు. తీసుకునేది మజూరీ. చీర ధర పెరిగినా మజూరీ పెరగదు. బజారు పడిపోతే మాత్రం ముందు మజూరీ మీదే పడుతుంది. చీరాల నుంచి తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్ దేశాలకీ ఆఫ్రికాకీ ఓడలెక్కి వెళ్ళాయి. ఎక్కడో ఉన్న కొనుగోలుదారు కోసం ఇక్కడ చేతులు పనిచేయడం, మధ్యలో లెక్క ఒకరి దగ్గరే ఉండటం, ఈ గడ్డకి హైటెక్ సిటీ నేర్పిన విద్య కాదు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. మజూరీ అన్న మాట వయసు దానికన్నా చాలా ఎక్కువ.

వాడరేవులోనే దీనికి పూర్తి భిన్నమైన పద్ధతి ఇంకోటుంది. వేటకెళ్ళిన పడవ తిరిగొచ్చాక చేపలు ఒడ్డునే పాట పాడతారు. డీజిలు, ఐసు, ఇతర ఖర్చులు తీసేస్తారు. మిగిలింది వాటాలు వేస్తారు. పడవకి ఇంత, వలకి ఇంత, ఇంజనుకి ఇంత, మనుషులకి ఇంత. ఇది ధర్మరాజ్యమేమీ కాదు. పడవ ఎవరిదో వాళ్ళకే ఎక్కువ పోతుంది, బాకీలు తీరవు, వేట నిషేధమున్న ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా రెండు నెలలు చాలా ఇళ్ళల్లో కష్టంగానే గడుస్తుంది. కానీ ఒక సంగతి గమనించండి. బుట్ట ఎంతకి పోయిందో పడవలో ఉన్న ప్రతివాడికీ తెలుసు, వాడి ఎదురుగానే పాడారు కాబట్టి. వాటా అన్యాయమైతే ఎంత అన్యాయమో అంకెతో చెప్పి పోట్లాడగలడు. చదువురాని చెయ్యికి ఉన్న ఆ హక్కు, బీటెక్ చదివి, ప్రపంచంలోని పెద్ద బ్యాంకుల లెక్కలు సరిచూసే ప్రోగ్రాములు రాసే మాకు లేదు. వాళ్ళ లెక్కలో ఒక్క పైసా తేడా వచ్చినా అర్ధరాత్రి లేపి అడుగుతారు. మా లెక్క మాత్రం మేం అడగకూడదు.

*

అడగకపోవడానికి మొదటి కారణం మాటలు. కొన్ని కంపెనీల్లో మమ్మల్ని ‘అసోసియేట్’ అంటారు, అంటే భాగస్వామిలాంటివాడని ధ్వని. మీటింగుల్లో మేం ‘రిసోర్సు’లం, బొగ్గు, నీళ్ళు, మనుషులు అన్న వరసలో. పండగ మెయిళ్ళలో ‘కుటుంబం’. ప్రాజెక్టు నుంచి తీసేస్తే ‘రిలీజ్’ చేశారంటారు. తెలుగులో రిలీజయ్యేవి రెండే, సినిమా, ఖైదీ. ఇంట్లోవాళ్ళ మాట ఇంకోరకం, ‘మావాడు సాఫ్ట్‌వేర్’. వృత్తి పేరు కూడా కాదది, కులం పేరు చెప్పినట్టు, కట్నం అంకె చెప్పినట్టు. ఇన్ని పేర్లలో, ఇతను తన గంటల్ని అమ్ముకుని బతికే పనివాడు అన్న అర్థం ఒక్కదానిలోనూ లేదు.

రెండో కారణం మనం రాసుకునే సాహిత్యం. ఈ మాట ఇక్కడ అనకపోతే ఇంకెక్కడా అనలేను. మన సాఫ్ట్‌వేర్ కథల్లో సాఫ్ట్‌వేర్ తప్ప అన్నీ ఉంటాయి. గేటెడ్ కమ్యూనిటీ ఒంటరితనం, విడాకులు, ఊళ్ళో ముసలి తల్లిదండ్రులు, వీసా, మంచు కురిసే రాత్రి గుర్తొచ్చే ఆవకాయ. కథానాయకుడు ఆఫీసులోకి వెళ్ళగానే పేరా అయిపోతుంది. బయటికొచ్చాక మళ్ళీ మొదలవుతుంది. ఆ మధ్య తొమ్మిది గంటలు అతనేం చేశాడో, ఎవరి కోసం చేశాడో, ఎవరికెంత మిగిలిందో కథకుడికి అక్కర్లేదు. ఇలాంటి కథలు రాసేవాళ్ళలో చాలామంది ఆ తొమ్మిది గంటలూ పనిచేసేవాళ్ళే. అదే నాకు మింగుడుపడనిది.

మన గుంటూరువాడు ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ రాశాడు. అందులో భక్తి ఉంది, దేశభక్తి ఉంది, వాదోపవాదాలున్నాయి. అయినా వందేళ్ళ తర్వాత కూడా ఆ నవల నిలబడిందంటే, కూలి దగ్గర వచ్చిన పేచీని కథ నడిబొడ్డున పెట్టినందుకే. సంగదాసు ప్రాణం పోయింది ఆ పేచీలోనే. రావిశాస్త్రి లాయరు. కోర్టులో ఎవరు ఎవరికి ఎంత ముట్టజెబుతారో, ఏ సాక్ష్యం ఎంతకి పలుకుతుందో ఆయనకి తెలుసు. తెలిసింది దాచుకోలేదు. ‘ఆరు సారా కథలు’ అందుకే ఇంకా మండుతున్నాయి. వాళ్ళు తమకి తెలిసిన లెక్కని కథలోకి తెచ్చారు. మనకి తెలిసిన రేట్ కార్డ్, బెంచి, పిరమిడ్, అర్ధరాత్రి కాల్ మన కథల గుమ్మం ముందే ఆగిపోతున్నాయి. పని లేని కథలు రాసి, పాఠకుడికి మా జీవితం అర్థం కావడంలేదని వాపోవడం దేనికి?

*

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఏసీలో కూర్చుని లక్షలు తీసుకుంటూ కూలీనంటావా? పత్తి చేలో ఎండకి మాడే ఆడమనిషితో పోల్చుకుంటావా?

కష్టాన్ని పోల్చడం లేదు. పత్తి తీసే కూలీ కష్టం ముందు నా నడుంనొప్పి గురించి మాట్లాడటం సిగ్గుచేటు. ఈ ఉద్యోగాలు మా ప్రాంతంలో చాలా ఇళ్ళ అప్పులు తీర్చాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక బడి గడప తొక్కని ఇళ్ళ నుంచి కూడా పిల్లలు ఇంజనీర్లయ్యారు. ఇదంతా నిజం, గొప్ప సంగతి కూడా. కానీ నా ప్రశ్న బాధ ఎంతన్నది కాదు. ధర ఎవరు పెడతారు, లెక్క ఎవరి దగ్గరుంది, వద్దంటే ఎవరు వెళ్ళిపోవాలి అన్నది. ఈ మూడు ప్రశ్నలకీ నా జవాబూ మగ్గం బాబాయి జవాబూ ఒకటే. మాకొచ్చే మొత్తం ఎక్కువ కావడం వల్ల ఈ సంగతి మాకు కనపడటం ఆలస్యమవుతుంది. ఈఎంఐలు కట్టే వయసులో, నలభై దగ్గర పడుతుండగా ఒక హెచ్చార్ మీటింగులో కనపడుతుంది. అప్పటికి పోట్లాడే ఓపిక ఉండదు, పక్కన నిలబడే మనుషులూ ఉండరు. అందరూ ‘అసోసియేట్లే’ కదా.

చట్టం కూడా ఈ మాటల దగ్గరే తిరిగింది. దశాబ్దాలపాటు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ‘వర్క్‌మన్’ అన్న నిర్వచనంలోకి సాంకేతిక పని చేసేవాళ్ళూ వస్తారు. మేనేజరు పని చేసేవాళ్ళు రారు. మన దగ్గర రెండేళ్ళు నిండినవాడికల్లా లీడ్ అనో కన్సల్టెంట్ అనో ఒక బిరుదు ఎందుకిస్తారో ఇప్పుడు ఊహించుకోవచ్చు. బిరుదుతో జీతం పెరిగినా పెరగకపోయినా, నేను పనివాణ్ణి కాదన్న భ్రమ మాత్రం పెరుగుతుంది. 2015 జనవరిలో చెన్నైలో టీసీఎస్ ఉద్యోగిని ఒకామె, తనని తీసేయడం మీద మద్రాసు హైకోర్టు నుంచి మధ్యంతర స్టే తెచ్చుకుంది. కంపెనీ ఆ తొలగింపుని వెనక్కి తీసుకుంది. ఆమె చేసిందల్లా నేను పనిచేసే మనిషిని, నాకూ చట్టముంది అనడమే. లక్షలమందిలో ఆ మాట అన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

*

ఇప్పుడు ఈ మాట తొందరగా అనాల్సిన అవసరం ఒకటొచ్చింది. నారాయణమూర్తి 2023 అక్టోబరులో యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజుకి గరిష్ఠ పనిగంటలని 9 నుంచి 10కి పెంచే సవరణలకి ఒప్పుకుంది. అదే ఏడాది జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేలమందికి పైగా, తగ్గించుకుంటామని ప్రకటించింది. కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు సరిపోకపోవడం అని ఆ కంపెనీ అధిపతి వివరణ ఇచ్చారు. ఒకవైపు ఉన్న గంటలకి మనుషులు ఎక్కువయ్యారంటారు, ఇంకోవైపు ఉన్న మనుషులకి గంటలు చాలవంటారు. ఈ రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయో ఎవరూ అడగరు.

అడగాల్సిన ప్రశ్న చాలా చిన్నది. రేపు ఒక ఏఐ పనిముట్టు సాయంతో ఎనిమిది గంటల పని నాలుగు గంటల్లో అయిపోతుందనుకుందాం. మిగిలిన నాలుగు గంటలు ఎవరివి? క్లయింటువి అయితే బిల్లు తగ్గుతుంది. కంపెనీవి అయితే లాభం పెరుగుతుంది. నావి అయితే నేను నాలుగింటికి ఇంటికెళ్తాను. మూడో మాట ఏ టౌన్‌హాల్‌లోనూ నా చెవిన పడలేదు. వినపడేది ఒక్కటే. కంపెనీ మారుతోంది, నువ్వూ మారాలి, కొత్తవి నేర్చుకో, శని ఆదివారాలు వాడుకో. నేర్చుకోవడానికి నాకేం బాధ లేదు, పదేళ్ళుగా చేస్తున్నది అదే. కానీ ఒడ్డున పడవకి కొత్త ఇంజను వస్తే, ఆ ఇంజనుకి వాటా ఎంతన్నది నలుగురి మధ్యా తేలాకే పడవ కదులుతుంది. ఇక్కడ ఇంజను వచ్చింది. వాటా గురించి నోరెత్తేవాడు లేడు. ఎందుకంటే, పాత ఇంజను ఉన్నప్పుడు మన వాటా ఎంతో మనకి తెలియదు. తెలియనిదాన్ని తగ్గించారని ఎలా నిరూపిస్తాం?

అందుకే నా కోరిక ఒకటే, చిన్నది. ప్రతి పే స్లిప్పు మీదా రెండో ధర కూడా అచ్చువేయాలి. ఈ నెల నీ గంటలు ఇన్ని, వాటిని క్లయింటుకి ఇంతకి అమ్మాం, నీకు ఇంత ఇచ్చాం, ఆఫీసుకి, శిక్షణకి, బెంచికి, పన్నుకి ఇంత, మాకు ఇంత. జీతం పెంచమని కూడా అడగటం లేదు. లెక్క చూశాక కంపెనీ తీసుకునేది న్యాయమే అనిపించవచ్చు కూడా. అప్పుడు కృతజ్ఞతల వ్యాసాన్ని కనీసం తెలిసి రాస్తాం.

అది వ్యాపార రహస్యమంటారు. ఎవరి నుంచి రహస్యం? కొనేవాడికి తెలుసు, అమ్మేవాడికి తెలుసు, పోటీ కంపెనీ దాదాపుగా ఊహించగలదు. అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఏ హోదాకి గంటకెన్ని డాలర్లో చెప్పే పట్టికలు ఎవరైనా చూడొచ్చు. వాటివల్ల అక్కడ ఏ కంపెనీ మూతపడలేదు. ఈ రహస్యం ఒక్కడి నుంచే దాచాలి, ఆ గంట ఎవడిదో వాడి నుంచి.

వాడరేవుకి దక్షిణంగా, అదే తీరంలో మోటుపల్లి ఉంది. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. సముద్రం మీద వచ్చే వర్తకుల సరుకు మీద రాజు తీసుకునేది ఇంత, అంతకు మించి తీసుకోము అని, ఏ సరుకుకి ఎంత సుంకమో సహా రాయి మీద చెక్కించాడు. అభయ శాసనమంటే అది. అభయమంటే కుటుంబమని పిలవడమూ కాదు, పండక్కి మిఠాయి డబ్బా పంపడమూ కాదు. ఎంత తీసుకుంటున్నామో అందరికీ కనపడేలా రాసి పెట్టడం. ఆ రాయి వర్తకుల కోసం వేసిందే, నేతగాళ్ళ కోసమో పడవ మనుషుల కోసమో కాదు. వాళ్ళ రాయి ఇప్పటిదాకా ఎవరూ చెక్కలేదు.

ఎనిమిది వందల ఏళ్ళ కిందట రాయి మీద ఉలితో చేయగలిగిన పని, ఇవాళ పే స్లిప్పు మీద ఒక వరుస. ఆ వరుస రాయడానికి ఎంత కోడ్ కావాలో నాకు తెలుసు. మధ్యాహ్నం భోజనం లోపు రాసిస్తాను, ఆ గంటలకి బిల్లు కూడా వేయను.